పదేళ్ళు నేనిచ్చిన సీలు

మంగళవారం, పొద్దున్న పదకొండు గంటల పది నిమిషాలు. రెండువేల పదిహేడు, ఉభాల కాలం, అంటే వరి నాట్ల రోజులు. ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడగొచ్చు మీరు. ఆ నిమిషంలో నేను చేతి గడియారం చూసుకున్నాను. తిరుగు బస్సుకు వేళయిందని చెప్పి అక్కణ్నుంచి జారుకోవచ్చేమోనని చూసుకున్నాను. బస్సు పన్నెండున్నరకి. సాకు దొరకలేదు.

కొత్తవలస అవతల ఒక పల్లెలో, మడి గట్టు మీద, కళ్ళజోడు జేబులో పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక చేతిలో చక్రంలో వేసే రబ్బరు సీలు, ఇంకో చేతిలో ట్రాక్టరుతో పాటు వచ్చిన పుస్తకం. చుట్టూ ఉన్న జనం నా నోటి వైపే చూస్తున్నారు. నేను పైకి చదవాల్సింది ఒక్క నంబరు. ఉన్నదున్నట్టు చదివితే ముప్పై ఏళ్ళ నా పేరు పోతుంది. మార్చి చదివితే ఆ ట్రాక్టరు ఇంటి కోడలి పేరు పోతుంది. ఏది పోవాలని నాకు మనసులో ఉందో చెప్పడానికి సిగ్గుపడాలి. ఈ వయసులో సిగ్గుపడి చేసేదేముంది, రాసేస్తాను.

విజయనగరంలో ఒక ట్రాక్టరు సామాన్ల కొట్లో ముప్పై మూడేళ్ళు కౌంటరు మీద పనిచేశాను. కొట్టు పేరు రాయను. మనుషుల పేర్లూ రాయను. నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పాత సామాను తెచ్చి చూపించందే కొత్తది ఇచ్చేవాణ్ని కాను. రైతులు గోనె ముక్కలోనో పాత పంచె ముక్కలోనో చుట్టి తెచ్చేవారు, గ్రీజు కారుతూ. దాన్ని గుడ్డతో తుడిచి, బొటనవేలితో ఓ చుట్టు చుట్టి, అరచేతిలో తూచి, వెనక్కి వెళ్ళి అరలోంచి కొత్తది తీసుకొచ్చి పక్కన పెట్టేవాణ్ని. అచ్చు గుద్దినట్టు ఉండేది. చీపురుపల్లి నుంచి, ఎస్.కోట నుంచి, బొబ్బిలి అవతల నుంచి కూడా మనుషులు నా చేతి కోసం వచ్చేవారు. కొట్టు తెరిచాక షావుకారు ఎక్కడున్నాడని అడిగేవాళ్ళు తక్కువ. ముసలాయన వచ్చాడా అని అడిగేవారు. నలభై ఏళ్ళు నిండకుండానే నన్ను ముసలాయన అనేవారు. నాకు అదో బిరుదులా ఉండేది.

ఆ పద్ధతి ఎందుకు పెట్టుకున్నానో ఎవరికీ చెప్పలేదు. నాకు అక్షరాలు రావు. డబ్బా మీద ఏం రాసి ఉందో తెలియదు. వస్తువును వస్తువుతో పోల్చడం తప్ప వేరే దారి లేదు. లేని దాన్ని దాచుకోవడానికి పెట్టుకున్న పద్ధతే నన్ను మొనగాణ్ని చేసింది.

అక్షరాలు యాభై దగ్గర పడ్డాక నేర్చుకున్నాను. అదేదో జ్ఞానం మీద ప్రేమతో అనుకోకండి. ఒట్టి కుళ్ళుతో. కొట్లో బిల్లులు రాసే ఆయన ఉండేవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. బాప్టిస్టు చర్చి కుటుంబం, నాలుగు తరాల నుంచి చదువుకున్న ఇల్లు. నన్ను ‘ఒరే బావా’ అని పిలిచే రైతే అటు తిరిగి ఆయన్ని ‘గారూ’ అనేవాడు. సామాను తెచ్చి ఇచ్చేది నేను, కాగితం ఇచ్చేది ఆయన, గారు ఆయనకి. ఆ ఒక్క మాట నన్ను ఏళ్ళ తరబడి తిన్నది. చివరికి ఒక మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఆయన దగ్గరికే వెళ్ళి నాకూ నేర్పమన్నాను. నవ్వలేదు. చర్చిలో ఆదివారం పిల్లలకు చెప్పినట్టే చెప్పాడు. పలక లేదు, అట్టపెట్టెల వెనక రాయించాడు. నేను మొదట నేర్చుకున్నవి డబ్బాల మీదుండే అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు తర్వాత. అందుకే నాకిప్పటికీ అ ఆల వరస తడబడుతుంది గానీ బేరింగు నంబరు తడబడదు.

నేర్చుకున్నాను సరే, వాడలేదు. కౌంటరు దగ్గర అందరి ముందూ కళ్ళజోడు తీసి నంబరు చదివితే, చేత్తో చూసే మనిషి చేతి మీద నమ్మకం పోయి పుస్తకం చూస్తున్నాడంటారని భయం. కళ్ళజోడు జేబులోనే ఉండేది. రాత్రి ఇంటి దగ్గర కాగితాలు చదివేవాణ్ని. కొట్లో మాత్రం వేళ్ళే.

ఇంతలో ఫోన్లొచ్చాయి. రెండువేల పదిహేను, పదహారు నుంచి రైతుల కొడుకులు కొట్టుకు రావడం మారింది. వచ్చేవారు, సామాను చేతిలోకి తీసుకునేవారు, అటూ ఇటూ తిప్పి ఫోటో తీసుకునేవారు, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయేవారు. నాలుగు రోజులకు వాళ్ళ ఇంటికి అట్టపెట్టె వచ్చేది. మా వీధిలో పార్సిళ్ళ కుర్రాడి బండి చప్పుడు వింటే వీధి వైపు వీపు పెట్టేవాణ్ని. ఎవరికైనా పార్సిల్లో తప్పు సామాను వచ్చిందని తెలిస్తే ఆ రోజు మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ని. ఒకతను ఫ్యాను బెల్టు తెప్పిస్తే కుట్టుమిషను బెల్టు వచ్చిందట. ఆ కథను నేను వచ్చిన ప్రతివాడికీ చెప్పాను, ఏడాది పాటు.

ఇక అసలు సంగతి. కొత్తవలస వైపు నుంచి నాకో పాత రైతు వచ్చేవాడు. చుట్టరికం లేదు, వరస కలుపుకుని బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఆయనది దమ్ముబండి. అంటే, నీళ్ళు పెట్టిన మడిలో మన్నును బురదగా కలియదున్నే పనికి వాడే ట్రాక్టరు. సొంత మడులు కొన్ని, మిగతాది ఊళ్ళోవాళ్ళ మడులు. ఏటా ఉభాల కాలంలో ఒకసారి, ఒక్కో ఏడు రెండుసార్లు, ముందు చక్రం బేరింగు పోయి నా దగ్గరికి వచ్చేవాడు. చక్రం మధ్యలో ఇరుసు దూరే హబ్బులో, బేరింగుకు అడ్డంగా ఒక రబ్బరు రింగు ఉంటుంది. అదే సీలు. బురదనీ నీళ్ళనీ లోపలికి రానీకుండా ఆపడమే దాని పని. అది సరిగా పట్టకపోతే మన్ను లోపలికి దూరి బేరింగును నమిలేస్తుంది. బావ పాత సీలు తెచ్చేవాడు, నేను దాన్ని వేలితో చూసి అలాంటిదే ఇచ్చేవాణ్ని. కొత్త బేరింగు, కొత్త సీలు. వచ్చినప్పుడల్లా పనసతొనలో, వేరుశనక్కాయలో సంచిలో తెచ్చేవాడు. పదేళ్ళు అలా గడిచింది. దమ్ముబండి అన్నాక బేరింగు పోదా అనుకునేవాళ్ళం ఇద్దరం.

ఆయన కొడుక్కి పెళ్ళయింది. కోడలు విజయనగరంలోనే డిగ్రీ చదువుకున్న పిల్ల. ఆమె ఇంటికొచ్చిన ఏడాదిలో బావ మాటల్లో కొత్త రుచి మొదలైంది. కౌంటరు మీద మోచేతులు ఆనించి, నా ముందే చెప్పేవాడు. పెట్టె అడుగున చీరల కింద పడి ఉన్న బండి పుస్తకాన్ని ఆ పిల్ల పైకి తీసిందట. అందులో ప్రతి సామానుకూ ఒక నంబరు ఉందట. ఆ నంబరు ఫోన్లో కొడితే ఫిల్టరు ఇంటికే వచ్చిందట, సరిగ్గా సరిపోయిందట. పక్కింటివాళ్ళు కూడా ఇప్పుడు ఆమెనే అడుగుతున్నారట. ‘మా కోడలు నొక్కితే వచ్చేస్తాది బావా’ అన్నాడు. మనిషి అమాయకుడు. నా మొహంలో ఏం జరుగుతోందో ఆయనకు తెలియదు. నేను ముప్పై ఏళ్ళలో వేలికి తెచ్చుకున్నది ఒక పిల్ల పెట్టె అడుగున వెతికి తీసుకుంది. అదీ ఐదో ఏట నేర్చుకున్న అక్షరాలతో. ఇంట్లో పడుకున్నా అదే తలపు.

ఆ మంగళవారానికి ముందు శుక్రవారం ఆ పిల్లే కొట్టుకొచ్చింది. ఒక్కతే, బస్సులో. నేను వరసకి ఆమె అత్తగారికి అన్నలాంటివాణ్ని కాబట్టి పెదనాన్నా అంది. చేతిసంచిలోంచి రెండు తీసింది. ఒకటి గుడ్డలో చుట్టిన పాత సీలు, నేను ముందటేడు ఇచ్చింది. రెండోది ప్లాస్టిక్కు కవరులో కొత్తది, ఫోన్లో తెప్పించింది.

“పాతదానికీ దీనికీ తేడాగున్నాది పెదనాన్నా. మావయ్య మిమ్మల్ని అడగమన్నారు. మీరు ఔనంటే ఎక్కిస్తారు. కాదంటే ఇంక నన్ను సామాన్ల జోలికి ఎల్లొద్దన్నారు. ఫోను కూడా మా ఆయనకి ఇచ్చేయమన్నారు.”

అంత విడమరిచి చెప్పింది. నా ఒక్క మాట మీద ఆమెకు ఏముందో నాకు తెలియదని అనడానికి లేదు.

కొత్తదాన్ని చేతిలోకి తీసుకున్నాను. మందంగా ఉంది. లోపలి అంచు చుట్టూ బొటనవేలు తిప్పితే ఒక పెదవి, అంటే ఇరుసును పట్టుకునే రబ్బరు అంచు, తగిలింది, దాని వెనక ఇంకోటి తగిలింది. రెండు పెదవుల సీలు. మా కొట్లోది ఒకే పెదవి. రబ్బరు మంచిది, వేలికి తెలిసిపోతుంది. ఆ రెండో పెదవి దగ్గర నా వేలు కాసేపు ఆగింది. ఆగింది అనే సంగతి నాకు తెలుసు. మీకు చెబుతున్నాను.

“నంబరు సూడండి పెదనాన్నా. పుస్తకంలోదీ దీనిమీదదీ ఒకటే” అంది.

“నంబరు సెక్రంలో తిరగదమ్మా. సామాను తిరుగుతాది” అన్నాను.

కౌంటరు దగ్గరున్న నలుగురూ నవ్వారు. నాకు కావలసింది అదే. కళ్ళజోడు జేబులో ఉంది, తీయలేదు. రెండు సీళ్ళూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించాను. ఇది మందం, ఇది పలచన, ఒకటెలా అవుతాయి, కాదు అన్నాను. మా అరలోంచి పాతదానికి అచ్చు జతగా ఉన్నది తీసి ఇచ్చాను.  ఆ పిల్ల తను తెచ్చినదాన్ని మళ్ళీ కవరులో పెట్టి, కవరు మడత పెట్టి, సంచిలో వేసుకుని వెళ్ళింది. ఆ మడత పెట్టడం చూసి నాకు లోపల చల్లగా అనిపించింది.

బిల్లులాయన అంతా చూస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల వీధి మలుపు తిరిగాక కలం కింద పెట్టి ఒక్క మాట అన్నాడు.

“కళ్ళజోడు జేబులో ఎందుకన్నా, బరువు కదా?”

విననట్టు అరల వైపు తిరిగి, సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దాను.

మంగళవారం పొద్దున్న కొట్టు తలుపులు తీస్తుండగానే ఫోను మోగింది. బావ. గొంతులో ఎప్పుడూ లేని గరుకు. ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఆకుమళ్ళలో నారు ముదిరిపోతోంది. చివరికి రెండు మంచి వానలు పడితే ఊరంతా ఒకేసారి మడుల్లోకి దిగింది. బావ బండి దమ్ము పట్టిన మూడో రోజున, వేరేవాళ్ళ మడి నడిమధ్యలో ముందు చక్రం విరుచుకుని కూలబడింది. బేరింగు ముక్కలు ముక్కలు. బండ్లు బాగుచేసే మేస్త్రీ వచ్చి విప్పుతున్నాడు. ఉభాలకు వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద కూర్చున్నారు. ఈ బండి మీద ఇంకా ఎనిమిది ఇళ్ళవాళ్ళు ఆశ పెట్టుకుని ఉన్నారు.

“మా కోడలు నీ మాట ఇనకుండా ఆ ఫోను సీలే ఎక్కించేసినట్టున్నాది బావా. అడిగితే లేదంటది. నాకు నమ్మకం లేదు. నువ్వు బేగి వచ్చి, సూసి, అందరిముందర సెప్పు.”

తీర్పు చెప్పడానికి నన్ను పిలుస్తున్నాడు. షావుకారు కొట్టు వదిలి నన్ను ఎక్కడికీ పంపడు. ఆ రోజు నేనే పట్టుబట్టి బయలుదేరాను. సంచిలో కొత్త బేరింగు, ఇంకో పలచని సీలు వేసుకున్నాను. ఇంటికెళ్ళి చొక్కా కూడా మార్చుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అక్కడ ఏం మాట్లాడాలో వరసగా అనుకున్నాను. ఫోన్లో వచ్చే సామానుకు తల్లీ తండ్రీ ఉండరనీ, రేపు చెడిపోతే ఎవర్ని అడుగుతారనీ. మాటలు బాగా కుదిరాయి. పెళ్ళికి వెళ్తున్నట్టుంది నాకు.

మడి దగ్గరికి వెళ్ళేసరికి ముందు చక్రం విప్పి గట్టున ఆనించి ఉంది. బండి దుంగ మీద వాలి, బురదలో మోకాలు మడిచిన గేదెలా ఉంది. మేస్త్రీ ఓ గిన్నెలో డీజిలు పోసి విరిగిన ముక్కలు కడుగుతున్నాడు. బావ కొడుకు తల దించుకుని నిలబడ్డాడు, పెళ్ళాన్ని వెనకేసుకు రావాలో తండ్రి మాటకు తల ఊపాలో తెలియక. కోడలు కొంచెం దూరంగా ఉంది. నేను రాగానే అందరూ దారి ఇచ్చారు.

మేస్త్రీ నమిలిపారేసిన సీలును డీజిల్లోంచి తీసి నా చేతిలో పెట్టాడు. వేలు పెట్టక ముందే తెలిసింది. పలచన. ఒకే పెదవి. శుక్రవారం నేనిచ్చిందే.

ఆ పిల్ల దగ్గరికి వచ్చి సంచి తీసింది. మడత పెట్టిన కవరు మడత పెట్టినట్టే ఉంది. లోపల సీలు కొత్తగా మెరుస్తోంది.

బావ రెండింటినీ చూశాడు. మనిషి నెమ్మదస్తుడే గాని తెలివితక్కువ కాదు.

“అయితే నువ్విచ్చిందే పోయినాదేటి బావా? మూడ్రోజులకే?”

దమ్ము లోతుగా ఉందనో, బేరింగు నాసిరకమనో ఏదో అన్నాను. అంటుంటే మేస్త్రీ హబ్బులోంచి ఇంకో వస్తువు బయటికి లాగాడు. పలచని రేకు చుట్ట. రంగు డబ్బా మూతను కత్తిరించి చేసింది. సీలు వెనక ఖాళీ నింపడానికి అతను పెట్టాడు. ఏటా పెడుతున్నాడు. ఆ రేకూ సీలూ కలిసి తిరిగీ తిరిగీ సీలు కూర్చునే చోటు అంచు అరిగిపోయింది. అందుకే ఈసారి మూడు రోజులు కూడా ఆగలేదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని బావ అడిగితే మేస్త్రీ నా వైపు చూశాడు.

“లూజున్నాదని నాకు తెల్సు. ముసలాయన సేత్తో సూసి ఇచ్చినాడంటే నేనెవడ్ని అని ఊరుకున్నాను. రేకు పెట్టి బిగించినాను.”

అంత నమ్మకం. వినడానికి ఎంత బాగుందో అంత బరువుగా ఉంది.

కోడలు పుస్తకం తెచ్చింది. ఆ పేజీ దగ్గర చీర అంచు దారం పెట్టి ఉంది. తానే చదివి వినిపించొచ్చు. చదవలేదు. పుస్తకం, కొత్త సీలు రెండూ నాకే ఇచ్చింది.

“మీరు సదవండి పెదనాన్నా.”

నేనూ ఆమె తప్ప అక్కడ ఆ ఇంగ్లీషు పుస్తకం చదివి పోల్చుకోగలిగేవాళ్ళు లేరు. మొగుడు ఏడో తరగతితో ఆపాడు. ఈ పుస్తకం ఈ బండిది కాదని నేనంటే చాలు. పాత నంబర్లు మారిపోయాయంటే చాలు. నా మాట నమ్ముతారు, ఆమె మాట నమ్మరు. ఆ రెండు అబద్ధాలూ నా నాలుక మీద తయారుగా ఉన్నాయి. అప్పుడే గడియారం చూసుకున్నాను. పదకొండు పది.

కళ్ళజోడు తీశాను. అందరి ముందూ పెట్టుకోవడం అదే మొదలు. సీలు మీద అక్షరాలు రబ్బరులోంచే పొడుచుకు వచ్చి ఉంటాయి, చీమ కాళ్ళంత. ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. రెండు అక్షరాలు, ఆరు అంకెలు. పుస్తకంలో చూశాను. మళ్ళీ సీలు చూశాను. కిరండూల్ గనుల రైలు లైను మీద గూడ్సు బండి వస్తోంది, ఇనప ఖనిజం పెట్టెలతో, మా వెనకే. నేను నోరు తెరిచి, నంబరు ఒకటే, కోడలిదే సరైంది అన్నాను. అన్నాను గానీ ఇంజను మా మీదుగా వెళ్తున్నట్టే ఉంది. ఎవరికీ వినిపించలేదు. బావ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు.

“ఏటన్నావు బావా?”

ఆ గూడ్సు ఎంత పొడుగో ఆ లైను పక్కన ఉన్నవాళ్ళకు తెలుసు. పెట్టె వెనక పెట్టె. అంతసేపూ నా మాట నా దగ్గరే ఉంది, వెనక్కి తీసుకోవచ్చు. మొదటిసారి చెప్పడం ఏదో చెప్పేశాను. రెండోసారి చెప్పడమే చావు. పెట్టెలు వెళ్తుంటే నాకు ఆ బండి కొన్న రెండో ఏడు గుర్తొచ్చింది. బావ మొదటిసారి నా దగ్గరికి తెచ్చిన సీలు, బండితో పాటు వచ్చిన అసలు సీలు. బురదలో రెండేళ్ళు తిరిగి దాని ముందు పెదవి పూర్తిగా అరిగిపోయి ఉంటుంది. మందం నలిగిపోయి ఉంటుంది. నా వేలికి ఒక్క పెదవే తగిలింది, ఒక్క పెదవిదే ఇచ్చాను. అప్పటికి నాకు అక్షరాలు రావు. మరుసటి ఏడు ఆయన నేనిచ్చిన తప్పునే తెచ్చి చూపించాడు, నేను ఆ తప్పుకే జత వెతికి ఇచ్చాను. అలా పదేళ్ళు. అచ్చు గుద్దినట్టు సరిపోయేది, ఎందుకు సరిపోదు? అక్షరాలు వచ్చాక అయినా ఒక్కసారి డబ్బా మీద నంబరు చూసి ఉంటే ఆ ఏడుతో ఆగిపోయేది.

గార్డు పెట్టె వెళ్ళిపోయింది. మడిలో కప్పలు మళ్ళీ వినపడ్డాయి.

“నీ కోడలు తెచ్చిందే నీ బండి సీలు బావా. మొన్న నేనిచ్చింది కాదు. పదేళ్ళ నుంచి నేనిచ్చిందేదీ నీ బండిది కాదు. తప్పు బండిది కాదు, దమ్ముది కాదు. నాది.”

 గట్టు మీద ఉభాల ఆడవాళ్ళలో పెద్దామె నోరు కాస్త ఘాటు. “ముసలోడికి కళ్ళజోడు ఇయాల దొరికినాది” అంది. పక్కవాళ్ళు చెంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. శుక్రవారం కౌంటరు దగ్గర ఆ పిల్ల మీద నవ్వించిన నవ్వు గిర్రున తిరిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

బావ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా సంచిలోంచి బేరింగు తీసి మేస్త్రీకి ఇచ్చాడు. పలచని సీలును అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ నా సంచిలోనే వేశాడు.

“దీన్ని నువ్వే ఉంచుకో బావా” అన్నాడు. తర్వాత కోడలి వైపు చెయ్యి చాచాడు. “తేమ్మా, నీది.”

మేస్త్రీ రేకు ముక్క లేకుండానే దాన్ని ఎక్కించాడు. మందం సీలు లోపలి దాకా వెళ్ళి, అరగని చోట గట్టిగా పట్టుకుంది. దాని చప్పుడే వేరు. సుత్తి దెబ్బకు ‘టప్’మని కూర్చుంది. ముప్పై మూడేళ్ళు ఆ చప్పుడు కోసం బతికిన మనిషిని, నాకు తెలియదా. మధ్యాహ్నానికి బండి మళ్ళీ దమ్ము పట్టింది. ఆడవాళ్ళు నారు కట్టలు విప్పారు. కోడలు అంబలి తెచ్చి మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. తాగాను. అంత పెద్ద మనసు ఆమెకు ఎక్కడిదని దానికీ కుళ్ళుకున్నాను.

బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సులో ఎక్కి సాయంత్రానికి కొట్టుకొచ్చాను. షావుకారుకి ఉన్నది చెప్పాను. కొట్టు పరువు మడిలో కలిపొచ్చావా అన్నాడు. బిల్లులాయన మాత్రం తన కుర్చీ పక్కకు జరిపి, కంపెనీ వాళ్ళ నంబర్ల పుస్తకం నా ముందుకు తోశాడు. నాకు గుర్తున్నంతలో అదే రకం బండికి అదే పలచని సీలు ఇచ్చినవి ఇంకా ఐదున్నాయి. ఆ రాత్రి కళ్ళజోడు పెట్టుకుని వెతికాను. ఐదిళ్ళకూ కబురు పంపాను. ముగ్గురు వచ్చి మార్చుకున్నారు. ఇద్దరు రాలేదు. ఆ ఇద్దరూ ఫోన్లో తెప్పించుకున్నారని తర్వాత తెలిసింది. ఎవరి చేత తెప్పించుకున్నారో అడగలేదు, తెలుసు.

మరుసటి ఏడు ఉభాల కాలంలో బావ రాలేదు. బేరింగు పోలేదు కాబట్టి రాలేదు. నేను సంతోషించాలి. రోజూ పది గంటల బస్సు వచ్చే వేళకు వీధి వైపు చూసేవాణ్ని. పనసతొనలు కూడా రాలేదు. ఆ ఏడాది చివర్లో పని మానేశాను. మోకాళ్ళ నొప్పులని అందరికీ చెప్పాను. మోకాళ్ళు నొప్పిగానే ఉండేవి, అది నిజమే.

ఇప్పుడు కౌంటర్ల మీద ఉన్న పిల్లలకూ, ఇంట్లో కూర్చుని ఫోన్లో తెప్పించుకునేవాళ్ళకూ నేను చెప్పగలిగింది ఇంతే. పాత సామానును చూడండి, కానీ దాన్ని నమ్మకండి. అరిగిన ఇనుము, అరిగిన రబ్బరు, తన అసలు కొలతను తానే మరిచిపోతుంది. మనిషి కూడా అంతే అని నాకు అనిపిస్తుంది గానీ దాని గురించి నాకు అంత తెలియదు. నంబరు చదవండి. చదివాక ఆ సామానును చేతిలోకి తీసుకుని చూసే మనిషి ఎవరైనా మీ ఊళ్ళో మిగిలి ఉంటే అతనికీ ఒకసారి చూపించండి. అతను మొహం గంటు పెట్టుకుంటే పట్టించుకోకండి. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకోమనండి.

తప్పు నాదని నేను ఒప్పుకోలేదని, ఆ పిల్లే గోల చేసి గెలిచిందని ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటారట. అందుకని ఆ మంగళవారం గట్టు మీద ఎవరెవరు ఉన్నారో రాసి పెడుతున్నాను. పేర్లు రాయను, వరసలు చాలు. బావ ఉన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. ఆయన కొడుకు ఉన్నాడు, మాట వినగానే మొదటిసారి తల ఎత్తాడు. రేకు ముక్క చేతిలో పట్టుకుని మేస్త్రీ ఉన్నాడు. ఉభాల ఆడవాళ్ళు తొమ్మిదిమంది, వాళ్ళలో ఆ ఘాటు నోటి పెద్దామె. మడి ఎవరిదో ఆ రైతు, బండి ఎప్పుడు లేస్తుందా అని తప్ప ఇంకేం పట్టనివాడు. గూడ్సు డ్రైవరు కూడా ఉన్నాడనుకోవాలి, ఆయనకేమీ వినపడలేదు. నేను ఉన్నాను. కోడలు ఉంది. నేను పదేళ్ళు చూడనిది ఆమె ఎప్పుడో చదివేసి ఉంది. అయినా ఒక్క అక్షరం అందించకుండా, నేను వేలు పెట్టి, తడుముకుని, చివరి అంకె దాకా చదివేవరకు ఆగింది. అక్షరాలు యాభై దగ్గర నేర్చుకున్నాను గానీ, ఆ ఆగడం నాకింకా రాలేదు.